కృష్ణలంకలో నాలుగు రోజులు: కెమెరా వెనక ఉన్న ఇళ్లు

పదకొండు నిమిషాల వీడియోలో మా పిన్ని వాళ్ల వీధి నాలుగు సెకన్లు కనిపించింది. హైదరాబాద్ నుంచి వెళ్లిన ఎవరో తీశారు. విజయవాడ వెళ్తే తప్పకుండా చూడాల్సిన కొత్త చోటు అంటూ కృష్ణలంక నది ఒడ్డుని చూపించారు. డ్రోన్ పైకి లేస్తుంది, వరదని ఆపే గోడ, పార్కు, నీళ్ల మీద సాయంత్రం ఎండ, దూరంగా వారధి, అన్నీ బాగున్నాయి. వాటికి ముందు ఆ నాలుగు సెకన్లు: సన్నటి వీధి, నీళ్ల డ్రమ్ములు, తలుపు పక్కన ఆరేసిన నీలం చీర, తెర మీద పెద్ద అక్షరాలతో "ఒకప్పుడు" అని. ఆ చీర మా పిన్నిది. పోయిన సంక్రాంతికి నేనే కొనిపెట్టాను. వీడియో తీసింది ఈ ఏడాదే, పిన్ని ఇప్పటికీ ఆ తలుపు వెనకే ఉంటోంది, ఆ వీధిలో అందరూ ఉంటున్నారు, కానీ చూసేవాళ్లకి మాత్రం వాళ్లంతా ఎప్పుడో పోయినవాళ్లు.

ఈ వీడియో నాకు చూపించింది మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి. ఊరు కరీంనగర్. సెలవుల్లో ఊళ్లు తిరిగి తనూ వీడియోలు చేస్తుంది. "అక్కా, మీ ఊరే కదా, నేను కూడా పోయి తీద్దామనుకుంటున్న" అంది. పద, నేనూ వస్తాను, మా పిన్ని ఇంట్లోనే ఉందాం, అన్నాను. అలా కార్తీక మాసంలో నాలుగు రోజులు సెలవు పెట్టి బయల్దేరాం.

మొదటి రోజు, శనివారం

మధ్యాహ్నం బస్టాండులో దిగాం. పదో తరగతి దాకా నేను పెరిగింది కృష్ణలంకలోనే, అయినా హైవే పక్కకి దిగి సందుల్లోకి వెళ్తుంటే రెండుసార్లు దారి తప్పాను. మూల మీద పిండిమర ఉండాలి, లేదు. అక్కడ అద్దాల తలుపుతో కాఫీ షాపు ఉంది. రేకుల ఇళ్లు రెండు పోయి నాలుగంతస్తులు లేచాయి, గేటుకి టూలెట్ బోర్డు, దాని మీద "రివర్ వ్యూ" అని తెలుగులో రాసి ఉంది. మేం ఉన్న రోజుల్లో ఈ వీధిలో ఎవరైనా ఇల్లు అద్దెకి అడగడానికి వస్తే మొదటి ప్రశ్న ఒకటే, "నీళ్లు ఎందాకా వస్తాయండీ?" నది దగ్గరగా ఉండటమే ఇక్కడ అద్దె తగ్గడానికి కారణం. ఇప్పుడు అదే పెరగడానికి కారణం.

లంక అంటేనే నది మేట వేసిన నేల. అటు బందరు కాలువ, ఇటు కృష్ణ, మధ్యలో పల్లం. రాణిగారితోట, భూపేష్ గుప్తా నగర్, తారకరామనగర్, ఈ పేర్లు టీవీలో వినబడేవి వరదల్లోనే. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారంటే మా వీధిలో సామాన్లు అటక ఎక్కేవి. బియ్యం డబ్బా, రేషన్ కార్డు, స్కూల్ సర్టిఫికెట్లు ముందు, తర్వాత ఫ్యాను, ఆ తర్వాత వీలైతే మంచం. ఏది ముందో ఏది తర్వాతో పిల్లలకి కూడా తెలుసు.

పిన్ని గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమే, ఇంత చిక్కిపోయావేంటి, ఈ అమ్మాయెవరు?" అంటూనే ఇద్దరినీ లోపలికి లాగింది. అన్నం తిన్నాక అమ్మాయి కెమెరా తీసి ఇల్లంతా చూస్తుంటే వంటింటి గోడ మీద మేకుతో గీసిన గీతలు కనిపించాయి. నా భుజం ఎత్తున ఒకటి, పక్కన చిన్నగా 2009 అని. ఆ అక్టోబరులో శ్రీశైలం మీదుగా వచ్చిన వరద బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బాబాయి నీళ్లు తీశాక గీశాడు. దాని కింద ఇంకో మూడు గీతలు, అంతకు ముందు వరదలవి, తేదీలు చెరిగిపోయాయి. గీతల కింద సున్నం ఎప్పుడూ సరిగ్గా పట్టదు, పొలుసులు పొలుసులుగా రాలుతుంది.

బాబాయి వాళ్లది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఊరు తుడిచిపెట్టుకుపోతే మిగిలిన నలుగురూ విజయవాడ చేరి, లారీ ఆఫీసుల్లో మూటలు మోసి, చౌకగా దొరికిన ఈ లంకలో గుడిసె వేసుకున్నారు. సముద్రానికి భయపడి వచ్చి నది పక్కన దిగారు, ఎందుకంటే మిగతా ఊరు వాళ్లకి అందలేదు. ఈ వీధిలో అలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. బస్టాండు పోర్టర్లు, ఆటోనగర్‌లో డెంటింగ్ పనివాళ్లు, గవర్నర్‌పేట ప్రింటింగ్ ప్రెస్సుల్లో బైండింగు చేసేవాళ్లు, హోటళ్లలో పిండి రుబ్బేవాళ్లు, హాస్పిటళ్లలో ఆయాలు. ఊరు పొద్దున్నే లేచి నడవాలంటే ముందు ఈ వీధి లేవాలి.

సాయంత్రం గోడ దగ్గరికి వెళ్లాం. గోడ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే కింద నేను రాసేది చదివి గోడ వద్దంటున్నానని ఎవరూ అనుకోకూడదు. ఈ గోడ కోసం కృష్ణలంక ఏళ్ల తరబడి అడిగింది, ధర్నాలు చేసింది. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది, ఇంకోటి కొనసాగించింది, మరోటి వారధి నుంచి పద్మావతి ఘాట్ దాకా ఆఖరి భాగం కట్టింది, 2024లో దాని వెంటే పార్కు తెరిచారు. అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2009 కంటే ఎక్కువ, అంత వరద అంతకుముందు రికార్డుల్లో లేదు. ఆ రాత్రి పిన్ని నిద్రపోలేదు, సామాన్లన్నీ అటక మీద పెట్టేసి, గోడ అవతల నీళ్ల హోరు వింటూ కూర్చుంది. వీధిలోకి నది రాలేదు. వంటింటి గోడ మీద 2024 గీత లేదు.

గోడ మీదకి ఎక్కితే గాలి బాగుంది. "మస్తుందక్కా ఇక్కడ" అని అమ్మాయి ఫోటోలు మొదలుపెట్టింది. నేను ఎక్కడ నిలబడ్డా చూస్తున్నది ఒకటే, వచ్చినవాళ్లంతా నదివైపే తిరుగుతున్నారు. సహజమే, నది అందంగా ఉంది. కానీ వెనక్కి తిరిగితే పది అడుగుల్లో డాబాలు, డాబాల మీద ఆరేసిన బట్టలు, ఒక ముసలాయన ట్రాన్సిస్టర్, ట్యూషన్ పిల్లలు. ఇంతమంది కెమెరాల్లో ఒక్కటీ అటు తిరగలేదు. పుణుగుల బండి ఆవిడ చెప్పింది, ఒక కుర్రాడు వచ్చి "ఆంటీ, బండి కొంచెం పక్కకి జరుపుతారా, ఫ్రేములో పడుతోంది" అన్నాడట. పడితే ఏమైంది? ఆవిడ ఇరవై ఏళ్లుగా ఆ మూలే అల్లం పచ్చడితో పుణుగులు అమ్ముతోంది. అంతకు ముందు వాళ్లమ్మ అమ్మింది, మేం స్కూలు నుంచి వస్తూ అర్ధరూపాయికి తినేవాళ్లం.

రెండో రోజు, ఆదివారం

అమ్మాయి చేతిలో చూడాల్సినవాటి లిస్టు ఉంది. బ్యారేజీ, గాంధీ కొండ, భవానీ ద్వీపం, అమ్మవారి గుడి. పొద్దున్నే గుడికి వెళ్లొచ్చి, బ్యారేజీ మీద నడిచాం. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగితే దానికి ఎగువన ఈ బ్యారేజీ కట్టారు, 1957 నుంచి నడుస్తోంది, కృష్ణా డెల్టా మొత్తం దీని నీళ్లే తాగుతుంది. మా వీధికి మాత్రం బ్యారేజీ అంటే గేట్లు ఎన్ని ఎత్తారు అన్న వార్త.

గాంధీ కొండ ఎక్కాం. 1968లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ ఆవిష్కరించిన స్తూపం. పైనుంచి ఊరంతా కనిపిస్తుంది, రైల్వే స్టేషను, కాలువలు, అటు కొండల మీద రంగురంగుల ఇళ్లు. "ఎంత క్యూట్‌గా ఉన్నాయక్కా" అంది అమ్మాయి. అవును, దూరం నుంచి బాగుంటాయి. ఆ ఇళ్లకి బిందెలతో మెట్లెక్కుతారు, గ్యాస్ సిలిండరు భుజం మీద పైకి వెళ్తుంది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం దగ్గర ఇలాంటి కొండ మీద నుంచే బండలు జారి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. చెప్పాక కాసేపు తను కెమెరా తీయలేదు. నాకే కొంచెం బాధనిపించింది, చూడటానికి వచ్చిన పిల్ల, అన్నీ నేనే బరువుగా చెబుతున్నానేమో అని. కానీ చెప్పకపోతే ఎవరు చెబుతారు?

దిగి వన్ టౌన్‌లో తిరిగాం. తనకి ఎవరో సలహా ఇచ్చారట, వన్ టౌన్ వద్దు, ఇరుకు, ట్రాఫిక్, చూడ్డానికి ఏమీ లేదు అని. ఏమీ లేకపోవడమేంటి! తెలుగు నేల మీద తొలి సినిమా హాళ్లలో ఒకటైన మారుతి టాకీస్ 1921లో ఇక్కడే పెట్టారు. ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు పేరు మీద మార్కెట్టు ఇక్కడే ఉంది. చుట్టుపక్కల జిల్లాల బట్టల కొట్లవాళ్లు సరుకు ఎత్తేది వస్త్రలతలో. ఆదివారం కాబట్టి సగం మూసి ఉన్నాయి, లేకపోతే తోపుడు రిక్షాల మధ్య నడవలేం.

రాత్రి డాబా మీద పడుకుని అమ్మాయి అడిగింది, చిన్నప్పుడు మీ ఏరియా పేరు చెబితే బయటివాళ్లు ఏమనేవాళ్లు అని. ఏమనేవాళ్లో నాకు బాగా గుర్తు. ఇంటర్‌లో పటమట నుంచి వచ్చే స్నేహితురాలి ఇంట్లో "కృష్ణలంకా? సాయంత్రం వేళ అటు వెళ్లకమ్మా" అన్నారు. సినిమాల్లో బెజవాడ అంటే కత్తులు, సుమోలు, అందులోనూ నది ఒడ్డు అంటే రాత్రి పూట హత్య. గొడవలు లేవని అనను. ఉన్నాయి. కానీ ఆ గొడవల్లో లేని వేల మంది అదే పేరు మోశారు, ఉద్యోగానికి అప్లికేషన్ పెడితే అడ్రసు మార్చి రాసుకున్నవాళ్లు నాకు తెలుసు. రౌడీల బొమ్మ కాస్త వెనక్కి పోయాక వరద బొమ్మ వచ్చింది, పడవలో కూర్చున్న ముసలమ్మ, పులిహోర పొట్లం అందుకుంటున్న చెయ్యి. ఇప్పుడు మూడోది, ఖాళీ గోడ, సూర్యాస్తమయం. భయపడండి, జాలిపడండి, వచ్చి చూడండి. మూడింటిలోనూ చెప్పేవాడు బయటివాడే, పొద్దున అయిదింటికి డ్యూటీకి వెళ్లే మనిషి మూడింటిలోనూ లేడు.

మూడో రోజు, సోమవారం

కార్తీక సోమవారం. నాలుగున్నరకే పిన్ని లేపింది. పద్మావతి ఘాట్‌లో అప్పటికే జనం, చలి, తడి చీరలు, అరటి దొప్పల్లో దీపాలు. వెనకటికి మా వీధి చివర నుంచే నాలుగడుగులు దిగితే నీళ్లు. ఇప్పుడు చుట్టూ తిరిగి ఘాట్‌కి రావాలి. "దూరమైతే అయింది, ఇంట్లోకి రాకుండా ఉంటే చాలు తల్లీ" అని పిన్ని నదికి దణ్ణం పెట్టింది. అమ్మాయి దీపం వదిలింది, ఆ ఒక్కటీ వీడియో తీయలేదు, చేతులు ఖాళీ లేవు అంది.

ఆ తర్వాత లిస్టులో లేని చోటికి వెళ్లాం. సింగ్ నగర్ దాటి వాంబే కాలనీ, పేదలకి ప్రభుత్వం ఇళ్లు కట్టిన చోటు. చిన్నప్పుడు మా ఎదురింట్లో ఉన్న అత్తయ్య (వరసకే అత్తయ్య, చుట్టరికం లేదు) కుటుంబానికి నది వైపు గుడిసె తీసేశాక అక్కడ ఇల్లు ఇచ్చారు. ముంపు ప్రాంతం నుంచి సురక్షిత ప్రాంతానికి అని చెప్పి పంపారు. బస్టాండు దగ్గర ఇళ్లలో పనిచేసే ఆవిడ రోజూ రెండు ఆటోలు మారి వచ్చి పనిచేసింది కొన్నాళ్లు, తర్వాత మానేసింది, ఆటోకే సగం జీతం పోతోందని.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు కట్టలు తెగి మునిగింది ఆ కాలనీయే. మూడు రోజులు పై అంతస్తు వాళ్ల ఇంట్లో పదిహేడు మంది ఉన్నారట. పాలు లేవు, కరెంటు లేదు, చుట్టూ నీళ్లే కానీ తాగడానికి చుక్క లేదు. తర్వాత పీకల్లోతు నీళ్లలో ట్రాక్టరు ఎక్కి సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర తేలారు. అక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారో తెలుసా? కృష్ణలంకకి. మా పిన్ని ఇంటికి. మా చిన్నప్పుడు వరద వస్తే మేమే సింగ్ నగర్ చుట్టాలింటికి పరిగెత్తేవాళ్లం. నలభై ఏళ్లలో మొదటిసారి జనం లంకలోకి వరద తప్పించుకోవడానికి వచ్చారు. అత్తయ్య ఈ మాట చెప్పి, "అక్కడే ఉండనిచ్చి ఆ గోడేదో అప్పుడే కట్టి ఉంటే పోయేది కదమ్మా" అంది. నా దగ్గర జవాబు లేదు. గోడ కట్టేనాటికి నీళ్లు భరించినవాళ్లలో చాలామంది అక్కడ లేరు. గోడ వచ్చాక ఉన్నవాళ్లకి అద్దె పెరిగింది.

ఆవిడ ఇంట్లో గోడ మీద గీత గీయలేదు. అవసరం లేదు, మరక అలాగే ఉంది, కిటికీ పైదాకా.

అమ్మాయి అడిగింది, ఇక్కడ వీడియో తీసుకోవచ్చా అత్తమ్మా అని. "తీసుకో, కానీ నన్ను ఏడిపించకు. వరదప్పుడు ఒకాయన మైకు పెట్టి ఏడ్చేదాకా వదల్లేదు" అంది. అత్తయ్య ఏడవలేదు. గోంగూర ఎలా ఎండబెడుతుందో, కొడుకు గన్నవరంలో ఏం చేస్తాడో, ఆ పదిహేడు మందికి ఒకే గిన్నెలో ఉప్మా ఎలా వండారో చెప్పింది. ఇరవై నిమిషాలు. మధ్యలో ఒకసారి గట్టిగా నవ్వింది కూడా.

నాలుగో రోజు, మంగళవారం

పొద్దున్నే బ్రోకరు వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు, "పిన్నిగారూ, ఇప్పుడు రేటు బాగుంది, రెండిళ్లు కలిపితే పార్టీ రెడీగా ఉంది" అని. పిన్నికి ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన బి-ఫారం పట్టా, యాభై గజాలు. అమ్మితే వచ్చే డబ్బుతో ఈ చుట్టుపక్కల ఎక్కడా రాదు, ఊరి బయటికి పోవాలి. "అమ్మే ఉద్దేశం లేదు బాబూ" అంది ఆవిడ. ఇది ఈ నెలలో మూడోసారట.

సొంతిల్లు ఉన్నవాళ్లు ఇలా అనగలరు. పక్క వాటాలో అద్దెకి ఉండే కుటుంబం అనలేదు. భర్త ఆటో, భార్య హాస్పిటల్లో ఆయా, ఇద్దరు పిల్లలు పక్కనే ఉన్న మున్సిపల్ స్కూల్లో. అద్దె 5,500 ఉండేది, ఇంటాయన 9,000 అన్నాడు, రంగులు వేయించి బ్యాచిలర్లకి ఇస్తే ఇంకా వస్తుందని కూడా అన్నాడు. నెలాఖరుకి జక్కంపూడి వైపు వెళ్తున్నారు. పిల్లల స్కూలు సంగతి అడిగితే ఆవిడ, "సంవత్సరం మధ్యలో ఎలాగో, అదే టెన్షన్ అక్కా" అంది.

కాఫీ షాపులోకి కూడా వెళ్లాం, చూడకుండా మాట్లాడటం సరికాదని. కాఫీ 150. కప్పు తెచ్చిన కుర్రాడు వెనక వీధివాడే, డిగ్రీ చదువుతూ సాయంత్రాలు పనిచేస్తున్నాడు, జీతం సరిగ్గా ఇస్తారన్నాడు. ఈ షాపు రావడం తప్పని నేను అనలేను. ఆ కుర్రాడికి పని దొరికింది. గోడ మీద పెద్ద ఫోటో ఉంది, నది, పడవ. పిండిమర నడిపినాయన ఎక్కడికి వెళ్లాడని అడిగితే ఆ అబ్బాయికే తెలుసు, కూతురి దగ్గరికి గుడివాడ వెళ్లాడట.

మధ్యాహ్నం అమ్మాయి పిన్నిని కూర్చోబెట్టి అడిగింది, మీ ఏరియా గురించి బయటివాళ్లకి ఏం చెప్పాలి అని. పిన్ని ముందు వద్దంది, తర్వాత చీర మార్చుకుని వచ్చింది. చాలాసేపు ఏం మాట్లాడాలో తెలియక చేతులు చూసుకుంటూ కూర్చుని, ఉన్నట్టుండి చెప్పింది. "ఇదివరకు ఇది మురికివాడ అని అంటున్నారంట వీడియోల్లో. మురికి మాది కాదమ్మా. అది వరద తెచ్చిన బురద. ప్రతిసారీ ఎత్తి పోసింది మేము. మోకాళ్ల దాకా బురద, పాములు, చచ్చిన కోళ్లు, అవన్నీ ఎత్తి, సున్నం కొట్టుకుని, మళ్లీ ముగ్గు పెట్టుకున్నాం. ఈ నేల ఇంత గట్టిగా ఉందంటే తొక్కి తొక్కి మేం గట్టిచేశాం. రండి, చూడండి, నది మాదొక్కరిదే కాదు. కానీ మేం ఇప్పుడు కూడా ఇక్కడే ఉన్నామని చెప్పు." అంతే, లేచి వెళ్లి టీ పెట్టింది.

రాత్రి బస్సు ఎక్కాం. దారిలో అమ్మాయి ఎక్కువ మాట్లాడలేదు, సూర్యాపేట దగ్గర మాత్రం "అక్కా, సన్‌సెట్ షాట్ పెట్టొచ్చా?" అని అడిగింది. పెట్టు, ఎందుకు పెట్టకూడదు, అన్నాను.

మూడు వారాల తర్వాత తన వీడియో పూర్తయింది. నది ఉంది, గోడ ఉంది, పుణుగుల బండి ఫ్రేము మధ్యలో ఉంది. వాంబే కాలనీ అత్తయ్య ఉప్మా కథ ఉంది. మా వీధి రెండున్నర నిమిషాలు ఉంది, మీద ఏ అక్షరాలూ లేవు. పిన్నికి పంపించాను. చూసి ఫోన్ చేసింది.

"నా చీర బాగానే పడిందే. ఆ పక్క వాటావాళ్లు మొన్న ఆదివారమే ఖాళీ చేసి వెళ్లారు, తలుపుకి రంగు కూడా వేసేశారు. ఇందులో వాళ్ల పాత తలుపు, చిన్నదాని సైకిలు అలాగే ఉన్నాయి. నెంబరు పంపిస్తాను, వాళ్లకి కూడా పంపు."